కారు డ్యాష్‌బోర్డు: అంకెల వెనుకనున్న మాట

ఒకప్పుడు కారులో గేర్‌బాక్సు నుండి తిరుగుచు వచ్చెడి కేబుల్ వేగపు ముల్లును కదలించెడిది. 1976లో లండన్ మోటారు ప్రదర్శనమున ఆస్టన్ మార్టిన్ సంస్థ తన లగొండా కారులో ముల్లునకు మారుగా వెలుగు అంకెలను చూపినది. నేడు అనేక వాహనములలో ఆ స్థానమును తెర ఆక్రమించినది.

ఈ తెర చూపెడి కొలతలలో ఎక్కువభాగము ఇతర భాగములు కొలిచి పంపినవే. ఉదాహరణకు ఇంజను వేడిని చూతము. చల్లబరచు నీటిలో థర్మిస్టర్ అను సెన్సారు ఉండును. వేడి పెరిగినకొలది దాని విద్యున్నిరోధము తగ్గును. ఇంజను కంట్రోలు యూనిట్ ఆ మార్పును డిగ్రీలుగా లెక్కించి, మెలివేసిన రెండు తీగలపై సందేశముగా పంపును. ఈ పద్ధతి పేరు 'క్యాన్'. జర్మనీలోని బాష్ సంస్థ దీనిని 1986లో వెల్లడించినది. డ్యాష్‌బోర్డు ఆ సందేశమును మనకు తెలియు అంకెగా మార్చును. అనగా తెర తర్జుమా చేయునదే, మూలవాక్యము వేరొకరిది.

కావున దోషమును వెదకుటకు ఒక క్రమము కలదు. తెర యంతయు ఆరిపోయినచో మొదట బ్యాటరీ, ఫ్యూజు, ఎర్త్ తీగలను చూడవలెను. ఒక్క కొలతయే తప్పినచో, స్టీరింగు దిగువనుండు 16 పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలించవలెను. స్కానరులో సరియైన వేడి కనిపించి తెరపై తప్పు కనిపించినచో దోషము తెర వైపున ఉన్నదని అనుమానింపవచ్చును. రెండును తప్పినచో సెన్సారును, దాని తీగను పరీక్షింపవలెను. నడివేసవిలో హైదరాబాదున స్కానరు మైనస్ 40 డిగ్రీలు చూపినచో తీగ తెగియుండుటకే అవకాశము హెచ్చు. తెగిన తీగలోని అపార నిరోధమును యూనిట్ అతిశీతలముగా భావించును.

సందేశములే అందనిచో, బ్యాటరీ విప్పి, సాకెట్టులోని 6, 14 పిన్నుల మధ్య నిరోధమును కొలవవలెను. తీగల రెండు కొనలయందు 120 ఓముల నిరోధకములుండుటచే అనేక కార్లలో 60 ఓములు రావలెను. 120 వచ్చినచో ఒక కొన తెగినట్లు. సున్నకు చేరువైనచో తీగలు రెండును కలిసినట్లు.

ఈ పరీక్షలు చేయక డ్యాష్‌బోర్డునే మార్చుట వ్యర్థవ్యయము. పెక్కు కార్లలో నడిచిన కిలోమీటర్ల లెక్క అందులోనే భద్రమై ఉండును. దానిని యథాతథముగా క్రొత్తదానికి మార్చనిచో రేపు ఆ కారు కొనువాడు మోసపోవును.

విద్యార్థులు మరియొక విషయము గుర్తుంచుకొనవలెను. ఆయిల్ ఒత్తిడి తగ్గినదని ఎర్రదీపము వెలిగినపుడు, తెర అబద్ధమాడుచున్నదని తలచి బండి నడుపరాదు. మొదట ఇంజను ఆపవలెను. పరీక్ష ఆ తరువాత. దీపమే తప్పైనచో పోవునది కొంత సమయము; నిజమైనచో పోవునది ఇంజను.