అతికించిన కండకు రక్తం ఆడేలా చేసే మందులు

ప్రశ్న: నోటి క్యాన్సర్ ఆపరేషన్‌లో మా నాన్నగారి తొడ నుంచి కండ తీసి దవడకు అతుకుతారట. దానికి రక్తం ఆడేలా ఏ మందులు వాడతారు? – ఒక పాఠకురాలు, నాగారం, మేడ్చల్

జవాబు: ఇలా తీసిన చర్మం, కండల ముక్కను ఫ్లాప్ అంటారు. దాని ధమనినీ సిరనూ మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో మెడలోని నాళాలకు కుడతారు. రెండు మూడు మిల్లీమీటర్ల ఆ నాళం చేయి తగిలినా, చల్లబడినా బిగుసుకుపోతుంది. అప్పుడు దానిపై పాపావరిన్ లేదా లిగ్నోకైన్ చుక్కలు వేస్తే గోడలోని కండరం సడలి దారి తెరుచుకుంటుంది. పాపావరిన్‌ను 1848లో నల్లమందు నుంచే వేరుచేశారు గానీ అది మత్తు కలిగించదు. నాళం లోపల రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన సెలైన్‌తో కడుగుతారు.

రక్తపోటు పడిపోతే నారాడ్రినలిన్ ఇస్తారు. ఇది ఫ్లాప్‌ను దెబ్బతీస్తుందని పూర్వం భయపడేవారు; తగు మోతాదులో ఆ ముప్పు పెరగదని తర్వాతి అధ్యయనాలు చూపాయి. నిజానికి సెలైన్ అతిగా ఎక్కించి వాపు తెచ్చుకోవడమే ఎక్కువ ప్రమాదం.

అతుకు దగ్గర గడ్డ కట్టినా, సిర మెలిపడినా పైపూత మందులు అక్కరకు రావు. ఫ్లాప్ నీలంగా ఉబ్బితే సిర మూసుకుందని, పాలిపోయి చల్లబడితే ధమని మూసుకుందని అనుమానించి, వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాలి. నర్సులు మొదటి రోజంతా గంటగంటకూ చూసేది ఇందుకే. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఎక్కడ చేయించినా బీడీ, ఖైనీ కొన్ని వారాల ముందే మానాలి. నికోటిన్ నాళాలను బిగిస్తుంది.