కరవు సీమలో వాణిజ్య విద్య: చిలమత్తూరు పరిసరాలు చెప్పే పాఠాలు, చూపే దారులు

పదో తరగతి పూర్తిచేసి ఇంటర్మీడియట్‌లో సీఈసీ లేదా ఎంఈసీ గ్రూపులో చేరే విద్యార్థులకు మొదటి ఏడాదే ఎదురయ్యే వ్యాపారం, వర్తకం, వాణిజ్యం, నష్టభయం వంటి పదాలు పరీక్ష కోసం వల్లెవేయవలసిన నిర్వచనాలుగా మిగిలిపోవడం వారికి జరిగే పెద్ద నష్టం. ఈ పదాల్లో ప్రతి ఒక్కటీ ఒక జీవనోపాధికి దారి చూపుతుంది. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమైన చిలమత్తూరు మండలం వర్షాభావ పీఠభూమిపై, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నందువల్ల, ఈ భావనలను పరిసరాల ఆధారంగానే అర్థం చేసుకునే అవకాశం అక్కడి విద్యార్థికి పుష్కలంగా ఉంది.

పట్టు దారం వెంట ఆర్థిక కార్యకలాపాలు

సంపాదన కోసం మనిషి చేసే పనులను వాణిజ్య శాస్త్రం మూడు విధాలుగా విభజిస్తుంది. లాభాపేక్షతో, నష్టభయాన్ని భరిస్తూ, వస్తువులను లేదా సేవలను క్రమం తప్పకుండా ఉత్పత్తి చేయడం లేదా మార్పిడి చేయడం వ్యాపారం; ప్రత్యేక విద్యార్హతతో సేవలందించి రుసుము తీసుకోవడం వృత్తి; ఒప్పందం ప్రకారం మరొకరి కింద పనిచేసి జీతం పొందడం ఉద్యోగం. వ్యాపారంలో మళ్లీ రెండు శాఖలున్నాయి: వస్తువులను తయారుచేసేది పరిశ్రమ, వాటిని వినియోగదారుడి దాకా చేర్చేది వాణిజ్యం.

ఈ విభజనకు హిందూపురం, ధర్మవరం ప్రాంతాల పట్టు చక్కని ఉదాహరణ. మల్బరీ ఆకుతో పట్టుపురుగులను పెంచే రైతు చేసేది ప్రజనన పరిశ్రమ, అంటే జీవులను పెంచి ఉత్పత్తి సాధించే ప్రాథమిక పరిశ్రమ. హిందూపురం మార్కెట్లో గూళ్లను వేలంలో కొని దారం తీసే రీలర్లూ, ఆ దారంతో చీర నేసే ధర్మవరం నేతకారులూ చేసేది వస్తువు రూపాన్ని మార్చే తయారీ పరిశ్రమ కాగా, నేసిన చీరను పట్టణాలకు చేర్చి అమ్మేవారిది వర్తకం. ఈ గొలుసు తెగకుండా కాపాడే రవాణా, గిడ్డంగులు, బ్యాంకింగ్, బీమా, ప్రకటనలను వర్తక సదుపాయాలు అంటారు. సరుకు దొరకని చోటికి దాన్ని చేర్చడం వల్ల స్థల ప్రయోజనమూ, పంట చేతికొచ్చిన కాలంలో నిల్వచేసి అవసరమైన కాలంలో అందించడం వల్ల కాల ప్రయోజనమూ కలుగుతాయి కనుక, పొలంలోగానీ మగ్గంపైగానీ పనిచేయని వ్యక్తి కూడా సరుకు విలువను పెంచగలడని విద్యార్థి గ్రహించాలి.

నష్టభయం, సంస్థల స్వరూపాలు

వ్యాపారానికి విడదీయరాని లక్షణం నష్టభయం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల మేర మాత్రమే వర్షం కురిసే ఈ సీమలో వేరుశనగ సాగుచేసే కుటుంబాలకు ఆ మాట అర్థం వేరుగా చెప్పనవసరం లేదు. సంస్థల స్వరూపాల పాఠాన్ని కూడా ఈ కోణం నుంచే చదవాలి, ఎందుకంటే నష్టం వచ్చినప్పుడు దాన్ని ఎవరు, ఎంతవరకు భరించాలన్న ప్రశ్నకు ఒక్కో స్వరూపం ఒక్కో జవాబు ఇస్తుంది. సొంత వ్యాపారంలో లాభమంతా యజమానిదే అయినా, అప్పులు తీర్చడానికి అతని ఇంటి ఆస్తిని సైతం అమ్మవలసి రావచ్చు. దీన్ని అపరిమిత ఋణబాధ్యత అంటారు. 1932 నాటి చట్టం కింద నడిచే భాగస్వామ్యంలో పెట్టుబడి, నైపుణ్యం పెరిగినా ఆ బాధ్యత తొలగదు. కంపెనీలో వాటాదారుడి బాధ్యత అతను తీసుకున్న వాటాల విలువకే పరిమితం కాబట్టి భారీ పెట్టుబడిని సమీకరించడం సాధ్యమవుతుంది. పెనుకొండ వద్ద ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారం వంటి పరిశ్రమలు ఆ స్వరూపంలోనే ఏర్పడగలవు.

చిన్న రైతుకు దగ్గరైన స్వరూపం సహకార సంఘం. ఇందులో ఎన్ని వాటాలున్నా ఒక సభ్యుడికి ఒకే ఓటు ఉంటుంది, లాభం కన్నా సభ్యుల సేవకే ప్రాధాన్యం ఉంటుంది. చెన్నేకొత్తపల్లి పరిసరాల్లో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ ప్రోత్సాహంతో 2008లో మొదలైన ధరణి సహకార సంఘం చిరుధాన్యాలు, వేరుశనగ పండించే రైతులను సభ్యులుగా చేర్చుకొని, వారి సేంద్రియ పంటలను కొని, శుద్ధిచేసి, సొంత బ్రాండు పేరుతో అమ్ముతోంది. విడివిడిగా బేరమాడలేని రైతులు ఒక్కటైతే ధర నిర్ణయంలో వారి మాటకు బలం వస్తుంది. దేశవ్యాప్తంగా 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల స్థాపన లక్ష్యంగా 2020లో కేంద్రం పథకం ప్రారంభించింది. ఇటువంటి సంఘాలకు లెక్కలు, కొనుగోళ్లు, మార్కెటింగ్ చూసుకునే చదువుకున్న యువత అవసరం ఎంతైనా ఉంది.

లాభం వేరు, నగదు వేరు

అకౌంటెన్సీలో లావాదేవీని మొదట చిట్టాలో నమోదుచేసి, ఆవర్జాలోని ఖాతాలకు మార్చి, అంకణాతో సరిచూసి, చివరికి లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ తయారుచేస్తారు. ఈ శ్రమ ఎందుకో ఒక ఊహాత్మక లెక్కతో తేటపడుతుంది. ఒక వర్తకుడు లక్ష రూపాయల వేరుశనగ కాయలను నగదుకు కొని 1,20,000 రూపాయలకు అరువుపై అమ్మితే స్థూల లాభం 20,000; అందులో అమ్మకపు రవాణా 6,000, దుకాణం అద్దె 4,000 తీసివేయగా నికర లాభం 10,000. ఆ రెండు ఖర్చులనూ నగదుగానే చెల్లించి ఉంటే, పుస్తకాల్లో లాభం కనిపిస్తున్నా అతని చేతినుంచి 1,10,000 రూపాయలు వెళ్లిపోయాయి, బాకీ వసూలయ్యేదాకా ఒక్క రూపాయి తిరిగిరాదు. లాభంలో నడుస్తున్నట్టు కనిపించే వ్యాపారాలు సైతం మూతపడటానికి ఈ తేడాను గమనించకపోవడం ఒక ముఖ్య కారణం.

పన్నుల పాఠానికి సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు ఆధారం. 2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి రావడంతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల అవసరం తీరిపోయి, ఆ తరవాత సరుకు వెంట ఎలక్ట్రానిక్ పత్రమైన ఈ-వే బిల్లు వచ్చింది. పన్ను వర్తించే సరుకును చిలమత్తూరు వర్తకుడు హిందూపురంలో అమ్మితే కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలు రెండూ, సరిహద్దు దాటి బాగేపల్లిలో అమ్మితే సమీకృత జీఎస్టీ వసూలు చేయాలి. ఈ తేడా తెలిసి, ట్యాలీ వంటి సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు నమోదుచేసి, రిటర్నులు సిద్ధంచేయగలిగిన వారికి చిన్న పట్టణాల దుకాణాల్లోనూ, పరిశ్రమల్లోనూ పని దొరుకుతుంది.

ముందున్న దారులు

చార్టర్డ్ అకౌంటెన్సీ కోరుకునేవారు పదో తరగతి తరవాతే ఫౌండేషన్‌కు నమోదు చేసుకొని, ఇంటర్ పరీక్షలు రాశాక ఆ పరీక్షకు హాజరు కావచ్చు. అందులో ప్రతి పేపరులో 40 శాతం, మొత్తం మీద 50 శాతం మార్కులు తప్పనిసరి. ఆ తరవాత ఇంటర్మీడియట్, ఫైనల్ దశలతోపాటు రెండేళ్ల ఆర్టికల్‌షిప్, అంటే అర్హత కలిగిన చార్టర్డ్ అకౌంటెంట్ వద్ద ఆచరణాత్మక శిక్షణ ఉంటుంది. తయారీ వ్యయాల విశ్లేషణపై ఆసక్తి ఉన్నవారికి కాస్ట్ అకౌంటెన్సీ, కంపెనీ చట్టాలపై ఆసక్తి ఉన్నవారికి కంపెనీ సెక్రటరీ కోర్సు అనువైనవి. బీకాం చదివేవారు 1981లో అనంతపురంలో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎంకాం, ఎంబీఏ వైపు వెళ్లవచ్చు, లేదా ఐబీపీఎస్ పరీక్షల ద్వారా గ్రామీణ బ్యాంకుల్లో ఉద్యోగాలకు పోటీపడవచ్చు.

కోర్సు ఏదైనా, విద్యార్థి ముందుగా తన అభిరుచి వాణిజ్యంలోని ఏ భాగానికి దగ్గరగా ఉందో తేల్చుకోవాలి. అందుకు తమ ఊరి దుకాణాన్నో, పాల కేంద్రాన్నో, సంఘాన్నో ఎంచుకొని, దాని పెట్టుబడి ఎక్కడిది, నష్టం ఎవరిది, లెక్కలు ఎవరు రాస్తారు, సరుకు ఎటు వెళ్తుంది అనే నాలుగు ప్రశ్నలకు జవాబులు సేకరించి రాసుకోవడం మంచి ఆరంభం. కరవు తరచూ పలకరించే ప్రాంతంలో ఒక కుటుంబం వర్షంపైనే ఆధారపడకుండా నిలదొక్కుకోవాలంటే లెక్క తెలిసిన ఒక్క బిడ్డ ఆ ఇంటికి పెద్ద అండ. ఆ సామర్థ్యాన్ని ఇంటర్ మొదటి ఏడాది నుంచే శ్రద్ధతో పెంచుకోవచ్చు.