తప్పుల బిళ్ళతో తప్పులేని చక్రం

కోయిలకుంట్ల, బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతాల నాపరాళ్ళను మీరు చూసే ఉంటారు. మీ ఇంటి అరుగు మీద పరిచినవి అవే కావచ్చు. ఆ రాళ్ళను కోసే యంత్రం ఒకదానిలో 36 పళ్ళ చక్రానికి రెండు పళ్ళు విరిగాయనుకోండి. యంత్రం పాతది. ఆ కొలత చక్రం కర్నూలు అంగళ్ళలో కూడా దొరకలేదు. చక్రం వచ్చేదాకా యంత్రం ఆగుతుంది. యంత్రంతోపాటు దాన్ని నమ్ముకొన్నవారి కూలీ కూడా ఆగుతుంది.

ఊళ్ళో లేతు షాపు మేస్త్రి దగ్గర చిన్న మిల్లింగ్ యంత్రం ఉంది. లేతులో వస్తువు తిరుగుతుంది, కోసే పనిముట్టు తిరగదు. మిల్లింగ్ యంత్రంలో ఇది తారుమారు. పళ్ళున్న కట్టర్ గిర్రున తిరుగుతుంది, వస్తువు బల్లకు బిగించి ఉంటుంది. గుండ్రని ఇనుప దిమ్మె అంచున కట్టర్ ఒక గాడి కోస్తుంది. దిమ్మెను కొంచెం తిప్పితే ఇంకొక గాడి. ఇలా 36 గాళ్ళు కోస్తే వాటి మధ్య మిగిలినవే పళ్ళు.

కొంచెం అంటే ఎంత? 360ని 36తో భాగించండి. 10 డిగ్రీలు. "ఇంతేనా! నా జామెట్రీ పెట్టెలో కోణమానిని ఉందిగా" అంటారేమో. కోణమానినితో అర డిగ్రీ తప్పు రావడం మామూలే. 40 మి.మీ. వ్యాసార్ధం గల చక్రం అంచున అర డిగ్రీ అంటే 0.35 మి.మీ. అంత తేడా ఉంటే చక్రం గరగరలాడుతుంది, ఒకచోట పట్టేస్తుంది, మళ్ళీ విరుగుతుంది.

సరిగ్గా తిప్పడానికి డివైడింగ్ హెడ్ అనే పరికరం అమ్ముతారు. చిన్న షాపుకు దాని ధర భారమే. మరి సొంతంగా చేసుకోలేమా?

మీ సైకిలు పెడలు దగ్గరి పళ్ళచక్రాన్ని చూడండి. దానికి 48 పళ్ళు ఉన్నాయనుకొందాం. దాన్ని దిమ్మె ఇరుసుకే బిగించి, పంటి సందులో ఒక కొక్కెం పడేట్టు చేస్తే చాలు. రెండేసి సందులు దాటిస్తే 24 భాగాలు, మూడేసి దాటిస్తే 16, నాలుగేసి అయితే 12. కాని 48ని 36 నిశ్శేషంగా భాగించదు. లేతుతో వచ్చే మార్పు చక్రాలలో 36 పళ్ళదో 72 పళ్ళదో ఉంటే పని అక్కడితో తీరినట్టే. లేకపోతేనే అసలు తమాషా.

మేస్త్రి పాత గేరు పెట్టె ఒకటి సంపాదించాడు. అందులో వర్మ్ అనే మరలు చుట్టిన ఇరుసు, దానితో కలిసే 40 పళ్ళ చక్రం ఉన్నాయి. వర్మ్ 40 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. దిమ్మెను ఆ చక్రం ఇరుసుకు బిగించాడు. వర్మ్‌కు ఒక హ్యాండిలు పెట్టాడు. ఒక్కొక్క పంటికి హ్యాండిలు 40/36 చుట్లు, అంటే ఒక చుట్టు, పైన తొమ్మిదో వంతు తిరగాలి. 18 రంధ్రాల బిళ్ళ ఉంటే ఒక చుట్టు తిప్పి రెండు రంధ్రాలు దాటించడమే. బిళ్ళ కదలదు. హ్యాండిలుకున్న చీల రంధ్రంలో దిగుతుంది.

ఈ 18 రంధ్రాలను సమదూరంలో ఎలా గుర్తించడం? ఇది మీరూ చేయవచ్చు. సుమారు 6 సెం.మీ. వ్యాసం గల డబ్బా మూత చుట్టూ కాగితపు పట్టీ చుట్టి, కొసలు సరిగ్గా కలిసేచోట కత్తిరించండి. గీతల నోటుపుస్తకం మీద దాన్ని ఏటవాలుగా పెట్టండి. ఒక కొస మొదటి గీత మీద, రెండో కొస పంతొమ్మిదో గీత మీద ఉండాలి. మధ్య గీతలు తాకినచోట్ల గుర్తులు పెట్టండి. సమాన దూరంలోని సమాంతర రేఖలు ఏ అడ్డు రేఖనైనా సమభాగాలు చేస్తాయని లెక్కల మాస్టారు చెప్పినది ఇదే. పట్టీని మళ్ళీ మూతకు చుట్టితే 18 భాగాలు సిద్ధం! మేస్త్రి ఇలాగే 16 సెం.మీ. చెక్క బిళ్ళకు, చార్టు మీద గీతలు గీసుకొని చేశాడు.

చేతిపని కదా, ఒక రంధ్రం 0.4 మి.మీ. పక్కకు జరిగిందనుకోండి. బిళ్ళను దిమ్మె ఇరుసుకే బిగించి ఉంటే 40 మి.మీ. వ్యాసార్ధపు చక్రం మీద అది 0.2 మి.మీ. తప్పు అయ్యేది. ఇప్పుడో? మధ్యలో వర్మ్ ఉంది. తప్పు కూడా 40వ వంతు అవుతుంది. అంటే 0.005 మి.మీ. నోటుపుస్తకపు కాగితం మందంలో సుమారు ఇరవయ్యో వంతు! పైగా 36 గాళ్ళు పూర్తయ్యేసరికి చీల బయలుదేరిన రంధ్రానికే తిరిగి వస్తుంది. కనుక తప్పులు ఒకదానిపై ఒకటి పేరుకోవు.

ఇంకా విచిత్రం. చెక్క బిళ్ళను వాడుతూ ఒక ఇనుప బిళ్ళకు 18 రంధ్రాలు వేయవచ్చు. అందులో చెక్క బిళ్ళ తప్పు 0.01 మి.మీ. మాత్రమే. ఇలా తల్లికంటే బిడ్డ మేలు. అలాగని ఎన్ని తరాలైనా బాగుపడుతూ పోదు. వర్మ్ చక్రం పళ్ళలోనే తప్పుంటే దాన్ని భాగించేది ఏదీ లేదు. హ్యాండిలును కూడా ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. మరల మధ్య సందు ఉంటుంది కనుక, వెనక్కి తిప్పితే కొంతసేపు చక్రం కదలదు.

ఈ ఉపాయం పాతదే. నావికుల సెక్స్‌టెంట్ల మీద డిగ్రీల గీతలు గీయడానికి ఇంగ్లండులో జెస్సీ రామ్స్‌డెన్ 1770లలో 2160 పళ్ళ చక్రం, వర్మ్ గల యంత్రం చేశాడు. దాని వర్మ్ ఒక చుట్టు డిగ్రీలో ఆరో వంతు. అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ 1862లో డివైడింగ్ హెడ్ గల మిల్లింగ్ యంత్రం తయారుచేశాడు. అప్పటిదాకా మెలి డ్రిల్లుల గాళ్ళను పనివారు ఆకురాయితో చేత్తో రాసేవారు!

లేతు షాపుకు వెళ్ళి చూడండి. కాని తిరిగే కట్టర్ దగ్గరికి వదులు చొక్కా చేతులతో పోవద్దు. మేస్త్రి పిలిస్తేనే దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడొక చిన్న లెక్క. రేపు ఎవరో 28 పళ్ళ చక్రం అడిగారు. మేస్త్రి 18 రంధ్రాల బిళ్ళను పక్కన పెట్టి 21 రంధ్రాలది చేయడం మొదలుపెట్టాడు. ఎందుకు? హ్యాండిలు ఎన్ని చుట్లు, ఎన్ని రంధ్రాలు తిప్పాలి?