చెయ్యి జారిన పాట

వేలం పాట మనకు కొత్త కాదు. ఊరి చెరువులో చేపలకు వేలం వేస్తారు. గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టుకు వేలం వేస్తారు. వినాయకుడి లడ్డుకూ పాట పెడతారు. ఎవరు ఎంత పాడారో నలుగురూ చూస్తారు. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అంటారు. ఎక్కువ పాడినవారికి పాట ఖాయమవుతుంది.

ఇప్పుడు వేలం సెల్‌ఫోన్‌లోకి కూడా వచ్చింది. అప్పు తీరని బళ్లను ఫైనాన్సు కంపెనీలు ఇలా అమ్ముతున్నాయి. ముందు పేరు నమోదు చేసుకోవాలి. ధరావతు కట్టాలి. ఆ తరువాత నోటితో పాడే పని లేదు. వేలితో నొక్కితే చాలు. నొక్కింది ఎవరో ఫోన్‌కు తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఎల్లయ్య కూరగాయలు అమ్ముతాడు. పాత ట్రాలీ ఆటో కొందామని ఇలాంటి వేలంలో పేరు నమోదు చేసుకున్నాడు. 10,000 రూపాయలు ధరావతు కట్టాడు. 60,000 దాటి పాడకూడదని భార్యాభర్తలు అనుకున్నారు.

ఒక సాయంత్రం ఫోన్ కొడుకు చేతిలో ఉంది. వాడికి 12 ఏళ్లు. ఆటో బొమ్మ చూస్తూ కూడిక గుర్తు మీద నొక్కాడు. నొక్కినప్పుడల్లా 5,000 పెరిగింది. చివరికి కింద ఉన్న పచ్చ గడి కూడా నొక్కాడు. "మీ పాట 80,000. గడువు రేపు సాయంత్రం 4 గంటలు" అని వచ్చింది. వాడికి భయం వేసింది. పరుగున వెళ్లి తల్లికి చెప్పాడు.

ఎల్లయ్య కోపంతో చెయ్యెత్తాడు. లక్ష్మమ్మ అడ్డుపడింది.

"కొడితే పాట వెనక్కి వస్తదా? ఇయ్యాల కొడితే, ఇంకోసారి చెప్పకుండా దాస్తడు. ముందు ఇది చదువు. రేపు నాలుగింటి దాకా టైముంది."

"ఇంకెవరన్నా మనకంటే ఎక్కువ పాడతరేమో. ఊకుందాం."

"పాడకపోతే? ఇరవై వేలు ఎక్కడి నుంచి తెస్తవయ్యా?"

ధరావతు రసీదు మీద కంపెనీ నంబరు ఉంది. వెంటనే ఫోన్ చేశారు. రాసి పంపమన్నారు. లక్ష్మమ్మ బండి నంబరు, నమోదు నంబరు వేసి ఇలా రాసింది:

"అయ్యా, మా పిల్లవాడు తెలియక నొక్కినందున ఈ రోజు సాయంత్రం 6 గంటలకు మా పేరున 80,000 పాట పడింది. మేము కావాలని పాడలేదు. వేలం ముగియక ముందే మీకు తెలుపుతున్నాము. దయచేసి రద్దు చేయండి."

మర్నాడు ఉదయం కంపెనీవారు ఆ పాట రద్దు చేశారు. "ఇంకోసారి ఇలా జరిగితే ధరావతు పోతుంది" అని హెచ్చరించారు.

చట్టం ఏమంటుంది?

1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 64వ సెక్షన్ ఉంది. సుత్తి కొట్టి పాట ఖాయం చేసేదాకా, పాడినవారు తమ పాటను వెనక్కి తీసుకోవచ్చు అని అందులో ఉంది. ఈ చట్టం సరుకులకు, బళ్లకు వర్తిస్తుంది. ఇళ్లకు, భూములకు వర్తించదు. పైగా, పాట వెనక్కి తీసుకోరాదని కొన్ని కంపెనీలు షరతు పెడతాయి. అందుకే పేరు నమోదుకు ముందే షరతులు చదవాలి.

18 ఏళ్లు నిండనివారు ఒప్పందం చేయడానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఒప్పుకోదు. కాని ఇక్కడ నమోదైన పేరు తండ్రిది. ఫోన్ కూడా తండ్రిదే. కాబట్టి "పిల్లవాడు నొక్కాడు" అంటే చాలు, బాధ్యత తప్పుతుంది అనుకోకూడదు.

ఇలా చేయండి

1. తప్పు జరిగితే దాచవద్దు. వెంటనే ఇంట్లో చెప్పాలి.
2. గడువు ఎప్పటిదాకా ఉందో చూడాలి. గడువు దాటితే పని కష్టమవుతుంది.
3. రసీదు మీది నంబరుకే ఫోన్ చేయాలి. రాతపూర్వకంగా కూడా తెలపాలి. నకలు దాచుకోవాలి.
4. "పాట రద్దు చేస్తాం, ఓటీపీ చెప్పండి, డబ్బు పంపండి" అనేవారిని నమ్మవద్దు. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.
5. పని అయ్యాక వేలం ఖాతా మూసేయాలి. ఫోన్‌కు తాళం వేయాలి.

ప్రశ్నలు

1. లక్ష్మమ్మ కొడుకును ఎందుకు కొట్టనివ్వలేదు?
2. ఎల్లయ్య ఊరుకుని ఉంటే ఏం జరిగేది?
3. మీ ఇంట్లో ఇలా జరిగితే కంపెనీకి ఏమని రాస్తారు? నాలుగు వాక్యాలు రాయండి.