చైనా బౌద్ధాలయమున కృష్ణలీలా స్తంభములు

చైనా దేశపు ఆగ్నేయ తీరమున, ఫుజియన్ రాష్ట్రమందు, చ్వాన్‌జౌ అను ప్రాచీనమైన రేవుపట్టణము కలదు. అరబ్బు వర్తకులు దీనిని జైతూన్ అని పిలిచిరి. ఇచ్చటి కైయువాన్ బౌద్ధాలయము క్రీ.శ. 686లో స్థాపింపబడినది. మల్బరీ చెట్లు తామరలు పూచినచో తన తోటను దానమిత్తునని దాని యజమాని ఒక భిక్షువుతో పలికెననియు, చెట్లు నిజముగనే తామరలు పూచెననియు అచ్చటి స్థలపురాణము.

ప్రధాన మందిరము వెడల్పున 9, లోతున 6 అంకణములు గలది. శతస్తంభ మందిరమని ప్రసిద్ధి. కాని ఉన్నవి 86 స్తంభములే. పూజాస్థలము విశాలముగ నుండుటకై తక్కినవానిని విడిచివేసిరి. మన రాతి మంటపములందు స్తంభమునకు, దూలమునకు నడుమ బోదిక యుండును గదా! చైనా శిల్పులు అట్టి స్థానమున కొయ్య దిమ్మెలను, కొయ్య చేతులను అంచెలంచెలుగ కూర్చి, వానిపై బరువైన పెంకుటికప్పును నిలిపిరి. భారమంతయు స్తంభములదే, గోడలు కేవలము మరుగు. ఈ మందిరమున ఆ కొయ్య చేతులు రెక్కలుగల 24 దేవకన్యల రూపమున నున్నవి. వాద్యములను, పూజాద్రవ్యములను చేతబూని వారు కప్పును మోయుచున్నట్లు తోచును.

వైష్ణవ భక్తుడు చూడవలసినది ఈ మందిరము వెనుకవైపున నున్నది. అచ్చటి రెండు రాతిస్తంభములకు 16 పలకలు. వానిపై గుండ్రని ఫలకములందు హిరణ్యకశిపుని చీల్చు నృసింహుడు, కాళీయుని మర్దించు బాలకృష్ణుడు, మద్దిచెట్లను కూల్చినవాడు, గోపికల వలువలు హరించినవాడు, గజేంద్రుని బ్రోచిన స్వామి దర్శనమిత్తురు. పక్కనే చైనా సంప్రదాయపు అలంకారములును కలవు. శిల స్థానికమైనది; కథ మాత్రము మనది. ముందరి వేదిక చుట్టును సింహములు, మానవముఖ సింహములు గల 73 ఫలకములు పొదిగిరి.

కైయువాన్ ఒకప్పుడు విష్ణ్వాలయమని కొందరు చెప్పుకొందురు. అది సరికాదు, మొదటినుండియు అది బౌద్ధాలయమే. దక్షిణ భారతపు వర్తకులు ఆ పట్టణమున వేరుగా దేవాలయము కట్టుకొనిరి. 1956లో దొరికిన తమిళ శిలాశాసనము ఇందుకు సాక్ష్యము. శక సంవత్సరము 1203, అనగా క్రీ.శ. 1281, చైత్రమాసమున సంబంధ పెరుమాళ్ అను నతడు మంగోలు ఖాను క్షేమముకొరకు హరుని ప్రతిష్ఠించెనని అందున్నది. చివర చైనా లిపియు కొంత కలదు. శాసనమున హరుడు, స్తంభములపై హరి! దూరదేశమున మనవారు ఉభయులను కొలిచిరనుట స్పష్టము. సముద్రవర్తకము ముమ్మరమైన ఆ శతాబ్దిలోనే, 1244లో, కాకతి గణపతిదేవుడు మన మోటుపల్లి రేవున వర్తకులకు అభయశాసన మొసగెను.

1357లో చ్వాన్‌జౌలో తిరుగుబాటు చెలరేగి సుమారు పదేండ్లు సాగెను. విదేశీ వర్తకులు చెదరిపోయిరి. వారి దేవాలయమును నిలువలేదు. కైయువాన్ మందిరమును అగ్నికి ఆహుతియై 1389లో మరల లేచెను; 1637లో మరియొకమారు పునర్నిర్మితమయ్యెను. శిథిలాలయపు శిలలు ఇట్టి పునర్నిర్మాణములందే బౌద్ధాలయమునకు చేరినవి. నృసింహుడెవరో, యశోదాతనయుడెవరో ఎరిగినవారు ఆ ఊరిలో అప్పటికి మిగిలియుందురా? అయినను చైనా శిల్పులు ఆ శిలలను పగులగొట్టి పునాదులలో పూడ్చలేదు. భక్తులు ప్రదక్షిణముచేయు చోట నిలువబెట్టిరి.

ఆలయ ప్రాంగణమందలి అయిదంతస్తుల జంట రాతిగోపురములు 13వ శతాబ్దివి; 1604 నాటి మహాభూకంపమునకును చెక్కుచెదరలేదు. పడమటి గోపురముపై వానరముఖుడైన వీరుడొకడు కలడు. హనుమంతుడేనని కొందరు పండితుల అభిప్రాయము. చతుర్భుజ విష్ణుమూర్తి విగ్రహమొకటి ఆ పట్టణపు సముద్రయాన ప్రదర్శనశాలలో భద్రముగ నున్నది. 2021లో యునెస్కో ఈ పట్టణపు ప్రాచీన కట్టడములను ప్రపంచ వారసత్వముగ గుర్తించినది.

పట్టణమునకు సమీపమున చెదియన్ అను గ్రామమున చిన్న గుడి యొకటి కలదు. అందలి నాలుగుచేతుల దేవత మన శిల్పసంప్రదాయమునకు చెందినది. గ్రామస్థులు ఆమెను కరుణాదేవతయైన గ్వాన్‌యిన్‌గ భావించి అగరువత్తులు వెలిగించి కొలుచుచున్నారు.