ఒక ఫోను, రెండు నంబర్లు
(సంఘ కార్యదర్శులకు)

కొండపల్లి వైపు ఒక సంఘం తనిఖీకి వెళ్ళాను. కార్యదర్శి మారి నెల అయినా పాల డబ్బు రైతుల ఖాతాల్లో పడలేదు. బ్యాంకు ఓటీపీ పాత కార్యదర్శి సొంత నంబరుకే పోతోంది. ఆయనేమో హైదరాబాదులో కూతురి వద్ద ఉన్నారు. తప్పు ఆయనది కాదు, సంఘానికంటూ ఒక నంబరు లేకపోయింది.

దీనికి రెండో ఫోను కొననక్కరలేదు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి రెండు సిమ్ములు పడతాయి. సెట్టింగులలో ఒకదానికి ‘ఇల్లు’, రెండోదానికి ‘సంఘం’ అని పేరు పెట్టండి. ఏ నంబరుకు ఫోను వచ్చిందో తెరమీదే తెలుస్తుంది. డేటా ఒక్క సిమ్ముకు ఉంటే చాలు, ఓటీపీకి డేటాతో పని లేదు. యూపీఐ యాప్ పెట్టేటప్పుడు మాత్రం బ్యాంకులో నమోదైన సిమ్మునే ఎంచుకోవాలి. చాలా ఫోన్లలో ఒక సిమ్ముపై మాట్లాడుతుంటే రెండోది అందదు. కాబట్టి పాల వ్యాను వచ్చే వేళ సొంత కబుర్లు తగ్గించండి!

సంఘం సిమ్ము వాడకం తక్కువ గనుక రీఛార్జి మరచిపోతారు. వరుసగా 90 రోజులు వాడని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. తర్వాత అది వేరొకరికి పోతే మన బ్యాంకు సందేశాలు వారికి చేరతాయి. రీఛార్జి తేదీని పాల రిజిస్టరు అట్ట లోపల వ్రాసుకోండి.

వీలైతే కనెక్షను సంఘం పేరిటే తీసుకుని, మినిట్స్ పుస్తకంలో తీర్మానం వ్రాయండి. ఛార్జి అప్పగింత జాబితాలో తాళాలు, నగదు పుస్తకంతోపాటు సిమ్ము కూడా ఉండాలి. సిమ్ము వ్యక్తి పేరిట ఉంటే, ఆయన దిగిపోకముందే నంబరు మార్పు కోరుతూ బ్యాంకుకు లేఖ ఇవ్వండి.