పని ఒకరిది, ప్రయాణం ఇద్దరిది: తిరుపతి ఉదాహరణగా ఒక పాఠం

ఆఫీసు పంపించే కాన్ఫరెన్స్‌కు భార్యనో భర్తనో వెంటబెట్టుకొని వెళ్ళి, పనిలో పనిగా ఊరు కూడా చూసి రావడం ఇప్పుడు మామూలైపోయింది. కార్పొరేట్ వాళ్ళు దీనికి ‘బ్లీజర్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. బిజినెస్, లీజర్ కలిపేసిన మాట అన్నమాట. ఇంకో నాలుగేళ్లలో మనలో చాలామంది చేసే పనే ఇది. ఇలాంటి ప్రయాణాలు చాలావరకు ఒకేలా చెడిపోతాయి. ఒకరు రోజంతా హాల్లో, ఇంకొకరు రోజంతా హోటల్ గదిలో. చివరి రోజు హడావిడిగా దర్శనం, లడ్డూ, రైలు. ఇది ఎందుకు జరుగుతుంది, ఎలా సరిచేసుకోవచ్చు అన్నది మనకు తెలిసిన ఊరితోనే చూద్దాం.

1. ఐదువందల ఏళ్ల నాటి ఉదాహరణ

శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 మధ్య ఏడుసార్లు తిరుమలకు వచ్చాడు. ఆ ఏళ్లన్నీ దండయాత్రల ఏళ్లే. 1514 జులైలో వచ్చింది ఉదయగిరి కోట గెలిచి తిరిగి పోతూ. అంటే పని మీద బయల్దేరిన ప్రయాణంలోనే కొండ కూడా కలిసిందన్నమాట. యుద్ధం, సదస్సు ఒకటి కాదనుకోండి, కానీ ప్రయాణం లెక్క మాత్రం అదే.

ఇందులో మనకు పనికొచ్చే విషయం రాణులది. 1513 ఫిబ్రవరి 10న మొదటిసారి వచ్చినప్పుడు తిరుమలదేవి, చిన్నాదేవి ఇద్దరూ వెంట ఉన్నారు. స్వామికి పాలు నివేదించడానికి చెరొక బంగారు గిన్నె ఇచ్చారు. ఆ కానుకలు ‘రాజుగారి పరివారం’ అనే ఒక్క పద్దులో కలిసిపోలేదు, శాసనాల్లో రాణుల పేర్ల మీదే ఉన్నాయి. తిరుమల శాసనాలను చదివి వెలుగులోకి తెచ్చిన వాళ్లలో ముఖ్యుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి. తితిదే వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. గుడి మహాద్వారం దాటగానే మండపంలో రాయలు, ఇద్దరు రాణులు చేతులు జోడించి నిలబడిన రాగి విగ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి. క్యూలో తోసుకుంటూ పోయేవాళ్లు ఎక్కువమంది వాటిని చూడరు.

ఇక్కడ మొదటి సూత్రం దొరుకుతుంది. వెంట వచ్చినవాళ్లు లగేజీ కాదు. వాళ్లకూ ఆ ప్రయాణంలో సొంత పని, సొంత పేరు ఉండాలి.

2. 2017 నేర్పే పాఠం

104వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ 2017 జనవరి 3 నుంచి 7 వరకు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జరిగింది. ప్రధాని మోదీ ప్రారంభించారు. ఆ సభల్లో భాగంగా మహిళా సైన్స్ కాంగ్రెస్ కూడా జరిగింది. కాబట్టి డెలిగేట్ అంటే భర్తే, తోడు వచ్చేది భార్యే అని మనం లెక్క వేసుకోకూడదు.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. సభలు 7న అయిపోయాయి. 8వ తేదీ వైకుంఠ ఏకాదశి! ఏడాది మొత్తంలో కొండ కిక్కిరిసే రోజుల్లో అదొకటి. ‘పని అయిపోయాక ఒకరోజు ఉండి దర్శనం చేసుకుందాం’ అనుకునేవాళ్లకు అంతకంటే కష్టమైన రోజు దొరకదు. కాన్ఫరెన్స్ తేదీలు మన చేతిలో ఉండవు, పంచాంగమూ ఉండదు. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

3. ప్లాన్ వేసే క్రమం

మన సబ్జెక్టులో దీన్ని కన్‌స్ట్రెయింట్ ప్రాబ్లమ్ అంటాం. కదలనివాటిని ముందు పెట్టాలి, కదిలేవాటిని మిగిలిన ఖాళీల్లో సర్దాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు. చూడాల్సిన చోట్ల పెద్ద జాబితా రాసుకొని, తర్వాత టైమ్ వెతుక్కుంటారు.

కదలనివి: పేపర్ చదివే స్లాట్, 300 రూపాయల దర్శనం టికెట్‌లో ఉన్న టైమ్, రైలు.
తలుపులు మూసేవి: చంద్రగిరి రాజమహల్‌లోని పురావస్తు మ్యూజియానికి శుక్రవారం సెలవు.
కదిలేవి: మిగతావన్నీ.

బుధ, గురు, శుక్రవారాల్లో సదస్సు ఉందనుకోండి. శుక్రవారం మధ్యాహ్నమే అయిపోయింది కదా అని చంద్రగిరికి పోతే మ్యూజియం మూసి ఉంటుంది. దాన్ని శనివారానికి మార్చాలి. తిరుపతికి 12 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఈ ఊరు విజయనగర చివరి రోజులకు సాక్షి. 1565 యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, ఆ తర్వాత చంద్రగిరికి, వేలూరుకు మారింది. రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. అదే వైపు శ్రీనివాసమంగాపురం ఉంది. పెళ్ళయ్యాక స్వామి, పద్మావతి ఆరు నెలలు అక్కడే ఉన్నారని కథ. అందుకే కొత్త జంటలు ఆ గుడికి వెళ్తుంటారు. అక్కడికి దగ్గర్లోనే శ్రీవారి మెట్టు. అలిపిరి దారి కంటే చాలా చిన్నది, 2,388 మెట్లు. ఇవన్నీ ఒకే దిక్కు కాబట్టి ఒకే రోజులో పెట్టొచ్చు.

ఇక బుధవారం ఒకరు హాల్లో ఉన్నప్పుడు రెండోవాళ్లు ఏం చేయాలి? ఇద్దరూ కలిసి చూడాల్సినవి అప్పుడు చూసేయకూడదు. వాళ్లకు ఒక్కరికే ఇష్టమైనది ఎంచుకోవాలి. బొమ్మలంటే ఇష్టమా, శ్రీకాళహస్తికి పోయి కలంతో గీసే కలంకారీ చూడొచ్చు. అక్కడి పెద్ద గాలిగోపురం రాయలు 1516లో కట్టించింది. అది 2010 మే 26న కూలిపోయింది, ఇప్పుడున్నది కొత్తగా కట్టినది. రాళ్లంటే ఇష్టమా, ఘాట్ రోడ్డులో ‘ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ’ ఉంది. రెండు శిలల పొరల మధ్య కోట్లాది ఏళ్ల ఖాళీ కంటికి కనిపించే చోటు అది. రాత్రి భోజనం దగ్గర ఒకరు సెషన్ సంగతి, ఇంకొకరు తాము చూసినదాని సంగతి చెప్పుకోవచ్చు. ఇద్దరి దగ్గరా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

4. డబ్బు సంగతి

ఇక్కడ మొహమాటం పనికిరాదు. సూత్రం ఒక్కటే: మనం ఒంటరిగా వెళ్ళి ఉంటే ఎంత ఖర్చయ్యేదో అంతే ఆఫీసుకు బిల్లు పెట్టాలి. ఇద్దరి గదికి అదనంగా పడేది, శని, ఆదివారాల అద్దె, చంద్రగిరి ఆటో, రెండో రైలు టికెట్ అన్నీ సొంత జేబులోంచే. బయల్దేరే ముందే మేనేజర్‌కు మెయిల్‌లో ఒక లైన్ రాసేస్తే తర్వాత ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. సెషన్ ఎగ్గొట్టి ఊరు తిరగడం కూడా ఒకరకంగా తప్పుడు బిల్లే.

5. చివరగా ఒక పని

టికెట్లు బుక్ చేసే ముందు తోడు వచ్చేవాళ్లను ‘నువ్వూ వస్తావా?’ అని మాత్రమే అడక్కండి. ‘నువ్వు వస్తే ఏం చేద్దామనుకుంటున్నావు?’ అని అడగండి. వాళ్లకు ఆ ఊరిలో పని ఏమీ లేదనిపిస్తే, రాననే హక్కు కూడా వాళ్లకు ఇవ్వండి. ఒంటరిగా వెళ్ళి, పని చూసుకొని, ఇద్దరికీ సెలవున్న వారంలో మళ్లీ రావడం కూడా మంచి ప్లానే. తిరుపతి ఎక్కడికీ పోదు. రాయలే ఏడుసార్లు వచ్చాడు.